చీటీ మీద లేని కారణం

1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని పుదుచ్చేరిలో తలచుకోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. ఈ ఊరు ఏళ్ల తరబడి బోదకాలుతో బాధపడింది. 1975లో ఇక్కడ ఏర్పడిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఆ జబ్బు మీద, దాన్ని మోసే దోమ మీద పని చేసి దేశానికి పాఠాలు అందించింది. బోదకాలుకు ఇప్పటికీ ఇస్తున్న డైఇథైల్ కార్బమజైన్ 1947లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వాన వెలుగు చూసిన మందే. అయితే ఇవాళ్టి నా విషయానికి దారి చూపేది అదే ప్రయోగశాల నుంచి వచ్చిన ఇంకో మందు, మెథోట్రెక్సేట్. దానికి అక్క వంటిదైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో బోస్టన్‌లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టి చూపించాడు. మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందుగానే పేరు తెచ్చుకుంది. తర్వాత వైద్యులు దాన్ని చాలా తక్కువ మోతాదులో కీళ్లవాతానికి వాడడం మొదలుపెట్టారు. అందుకు ఎవరి అనుమతీ లేదు. 1985లో దాన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన అధ్యయనం వచ్చింది, 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాతానికి దాన్ని అనుమతించింది. ఇవాళ కీళ్లవాతం ఉన్నవారికి చాలాచోట్ల మొదట రాసేది ఆ మాత్రే. అనుమతి పరిధి దాటి మందు వాడడం పాపమని నేను చెప్పబోవడం లేదని దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది. ఆ దాటడాన్ని ఎవరో గమనించారు, లెక్కపెట్టారు, పోల్చారు. అందుకే ఆ అడుగు బాటయింది.

మానసిక వైద్యంలో ఆఫ్ లేబుల్ మందు విషయంలో నర్స్ ప్రాక్టీషనర్‌కు ఏ అధికారం ఉండాలన్నది ఇవాళ్టి ప్రశ్న. ఆఫ్ లేబుల్ అనే మాట అర్థాన్ని ముందు తేల్చుకుందాం. లేబుల్ అంటే సీసాకు అంటించిన కాగితం ఒక్కటే అనుకోకూడదు. ఈ మందును ఏ జబ్బుకు, ఏ వయసువారికి, ఎంత మోతాదులో, ఏ దారిలో ఇవ్వవచ్చో ఔషధ నియంత్రణాధికారి రుజువులు చూసి గీసిన హద్దు అది. ఆ హద్దు దాటితే ఆఫ్ లేబుల్. మానసిక వైద్యంలో ఈ దాటడం ఎక్కువే, దానికి చారిత్రక కారణం ఉంది. ఈ శాఖకు మందులు చాలావరకు పక్క గుమ్మంలోంచి వచ్చాయి. క్లోర్‌ప్రొమజైన్‌ను మొదట మత్తు వైద్యానికి సాయంగా ఫ్రెంచి సైనిక శస్త్రవైద్యుడు లాబోరీ వాడాడు. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ దాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి చూశారు. ఇప్రోనియాజిడ్ క్షయకు ఇచ్చిన మందు. రోగుల్లో వచ్చిన హుషారు చూసి కుంగుబాటుకు మళ్లించారు. మన సర్పగంధను కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే రక్తపోటుకూ పిచ్చికీ కలిపి చర్చించారు. ఈ చరిత్ర మానసిక వైద్యులకు ఒక అలవాటు నేర్పింది: పని చేస్తుందేమో చూద్దాం అనే అలవాటు. మనసుకు రక్తపరీక్ష లేకపోవడం ఆ అలవాటును ఇంకా బలపరిచింది. అందువల్లే స్కిజోఫ్రెనియాకూ బైపోలార్‌కూ అనుమతి పొందిన క్వెటియాపిన్‌ను చిన్న మోతాదులో నిద్రకు రాస్తారు. మూర్ఛ మందు గాబాపెంటిన్‌ను ఆందోళనకు రాస్తారు. సోడియం వాల్‌ప్రోయేట్‌ను కోపానికి రాస్తారు. అమెరికాలో 2001 నాటి చీటీల లెక్కతో 2006లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్కువగా వాడే మందుల్లో 21 శాతం వాడకం లేబుల్ బయటే జరిగింది. అందులో 73 శాతానికి శాస్త్రీయ ఆధారం స్వల్పం, లేదా అసలు లేదు. గాబాపెంటిన్ వాడకంలోనైతే నూటికి 83 పాళ్లు లేబుల్ బయటిదే. మెథోట్రెక్సేట్ కథ ఎంత అరుదైనదో ఈ 73 శాతం చెబుతుంది. దాటిన అడుగుల్లో ఎక్కువ భాగం ఏ బాటకూ చేరలేదు.

ఇక రెండో మాట, నర్స్ ప్రాక్టీషనర్, అంటే అదనపు శిక్షణతో రోగిని పరీక్షించి చికిత్స చేసే నర్సు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి మొదలుపెట్టిన శిక్షణతో ఈ హోదా పుట్టింది. ఇవాళ అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్ డాక్టరు సంతకం లేకుండానే మందు రాయగలరు, లేబుల్ బయటి మందుతో సహా. బ్రిటన్ ఇంకా నెమ్మదిగా నడిచింది. 1994లో కొద్దిచోట్ల, కొద్ది మందులతో ప్రయోగం చేసింది. 2002లో జాబితాను పెంచింది. 2006లో అర్హత పొందిన నర్సులకు, తమకు నైపుణ్యం ఉన్న పరిధిలో, దాదాపు అన్ని అనుమతి పొందిన మందులూ రాసే అధికారం ఇచ్చింది. దేశమంతటా అప్పటికే వేళ్లూనుకున్న ఆరోగ్య సేవ ఉండి కూడా పన్నెండేళ్లు తీసుకుంది. 2016లో కాక్రేన్ సంస్థ 46 అధ్యయనాలను కలిపి చూసి, రక్తపోటు, చక్కెర వంటి దీర్ఘకాలిక జబ్బుల్లో నర్సులూ ఫార్మసిస్టులూ రాసిన మందులకు డాక్టర్లు రాసినవాటితో సమానమైన ఫలితాలే వచ్చాయని తేల్చింది. నర్సు చేతికి కలం ఇస్తే ప్రమాదమని భయపడేవారు ఈ రుజువును పక్కకు నెట్టలేరు. అదే సమయంలో ఆ అధ్యయనాలు ప్రధానంగా కొలమానం ఉన్న జబ్బుల మీద, నడిచిన దారుల మీద జరిగినవని కూడా గుర్తుంచుకోవాలి. దారి లేని చోట ఎవరు బాగా నడుస్తారో అవి చెప్పవు.

మన దేశంలో పరిస్థితి వేరు. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులను రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ మీదే అమ్మాలి. మానసిక వ్యాధులకు వాడే మందులు దాదాపు అన్నీ అందులోవే. ఆల్ప్రజోలం, డయాజెపాం, జోల్పిడెం వంటివి 2014 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 జాబితాలో ఉన్నాయి. మందుల షాపు వాటికి వేరే రిజిస్టరు పెట్టి మూడేళ్లు దాచాలి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మానసిక ఆరోగ్య నర్సును పేరుపెట్టి నిర్వచించింది, కానీ 106వ సెక్షన్‌లో తన వృత్తి పరిధి అనుమతించని మందును ఎవరూ సూచించకూడదని గిరి గీసింది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ఒక కిటికీ తెరిచింది: పరిమిత లైసెన్సు పొందిన కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దిష్ట మందులను సొంతంగా రాయవచ్చు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలోనే. నర్స్ ప్రాక్టీషనర్ చదువు మనకు తీవ్ర చికిత్స విభాగంలో వచ్చింది, ప్రసూతిలో వచ్చింది. తెలంగాణ 2017లోనే మంత్రసానితనాన్ని వృత్తి శిక్షణగా మార్చే పని మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. ఆంధ్రప్రదేశ్ గ్రామ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవారు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా కూర్చుంటున్నారు. దేశమంతటా ఆయుష్మాన్ భారత్ ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు ఉన్నారు. ఆ కేంద్రాలు అందించాల్సిన సేవల జాబితాలో మానసిక ఆరోగ్యం కూడా ఉంది. డాక్టరు మొదలుపెట్టిన మందును నెల నెలా చేతికిచ్చేది వాళ్లే. కాబట్టి మానసిక మందులు రాసే నర్సు మన దేశంలో ఇంకా చట్టంలోకి రాలేదు గానీ, ఆ మందుల బతుకును రోజూ చూసే నర్సు ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు తేల్చుకోవలసింది ఆమెకు ముందుగా ఏ అధికారం ఇవ్వాలన్నది.

నా వాదన ఇది. లేబుల్ బయటి మానసిక మందును మొదలుపెట్టే అధికారం నర్సుకు ఇవ్వడానికి ముందు, దాన్ని ప్రశ్నించి ఆపించే అధికారం ఇవ్వాలి. ఆపించడం అంటే తనంతట తాను మందు కట్ చేయడం అని నా ఉద్దేశం కాదు. ఈ మందు ఎందుకు, ఎంతకాలం, ఇప్పటికీ అవసరమా అని రాతపూర్వకంగా అడిగే హక్కు ఆమెకుండాలి. జవాబు రానంతవరకు ఆ చీటీ యథాతథంగా రిపీట్ కాకూడదు. ఇది చిన్న కోరికలా కనిపిస్తుంది. కానీ లేబుల్ బయటి మందుల వల్ల లోకంలో జరిగిన పెద్ద హానుల్లో ఒకటి మొదలుపెట్టడం దగ్గర కన్నా ఆపకపోవడం దగ్గరే జరిగింది. దానికి రుజువు డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులో ఉంది. ఆ ఉదాహరణ దగ్గర కొంచెంసేపు ఆగుతాను.

డిమెన్షియా ఉన్న పెద్దవారు సాయంత్రమయ్యేసరికి కంగారుపడతారు, ఇంట్లోనే ఉండి ఇంటికి వెళ్తానంటారు, కొన్నిసార్లు చెయ్యి చేసుకుంటారు. చూసుకునేవారికి నిద్ర ఉండదు. అప్పుడు రిస్పెరిడోన్, ఒలాంజపైన్, క్వెటియాపిన్ వంటి ఉన్మాద మందులు చీటీ మీదికి వస్తాయి. 2005లో అమెరికా నియంత్రణ సంస్థ 17 అధ్యయనాలను కలిపి చూసింది. చాలావరకు పది వారాలపాటు సాగిన ఆ అధ్యయనాల్లో, మందు తీసుకున్న పెద్దవారిలో సుమారు 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 2.6 శాతం చనిపోయారు. గుండె ఆగి కొందరు, న్యుమోనియాతో కొందరు. ఆ మందుల మీద అతి తీవ్రమైన నల్లగీతల హెచ్చరిక ముద్రించారు. 2008లో పాత తరం మందులకూ అది వర్తించింది. బ్రిటన్‌లో 2009లో ప్రొఫెసర్ సుబే బెనర్జీ ప్రభుత్వానికిచ్చిన నివేదిక లెక్క ఇంకా సూటిగా ఉంది. ఏటా సుమారు 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తున్నారు. వారిలో మేలు పొందేది 36,000 మంది. అదనంగా పోతున్న ప్రాణాలు ఏటా దాదాపు 1,800. ఈ సంఖ్యలు రెండు సంగతులు ఒకేసారి చెబుతాయి. మందు కొందరికి నిజంగా పనికొస్తుంది, కాబట్టి పూర్తిగా నిషేధించలేం. ఎవరికి పనికొచ్చిందో మళ్లీ చూడకపోతే మిగతావారంతా ఊరికే ప్రమాదం మోస్తారు. అదే బ్రిటన్‌లో రిస్పెరిడోన్‌కు అల్జీమర్స్ రోగుల్లో ఆగని దూకుడుకు అనుమతి ఉంది, అది కూడా ఆరు వారాల వరకే. ఆరు వారాలు అన్న ఆ మాటలో ఉన్న తెలివి గమనించండి. అక్కడి లేబుల్ ఆ మందుకు ముగింపు కూడా రాసింది. ఆ నివేదిక తర్వాత ప్రతి రోగి మందునూ తిరిగి సమీక్షించే ఉద్యమం నడిచింది; 2008 నుంచి 2011 మధ్య డిమెన్షియా రోగులకు ఈ మందులు రాయడం సుమారు సగానికి సగం తగ్గిందని దేశవ్యాప్త ఆడిట్ చూపించింది. కొత్త మందేదీ కనిపెట్టకుండా, మళ్లీ చూడడం వల్ల వచ్చిన తగ్గుదల అది.

మళ్లీ చూడడం ఎవరి పని? సూటిగా చెబితే, అది ఎప్పుడూ నర్సు పనే. మందు మొదలుపెట్టాక బరువు, నడుము కొలత, రక్తపోటు, చక్కెర చూడాలని అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లో ఉమ్మడిగా ఒక పట్టిక ఇచ్చాయి: బరువు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల్లో, చక్కెర పన్నెండు వారాల్లో. ఆ తూకం యంత్రం దగ్గర నిలబడేది నర్సు. మనిషి లేచేటప్పుడు తూలడం, చెయ్యి వణకడం, మొహంలో కళ తగ్గి మాట నెమ్మదించడం, నోరు దానంతటదే కదలడం ముందుగా ఆమె కంటనే పడతాయి. ఈ వణుకును కొత్త జబ్బనుకుని ట్రైహెక్సిఫెనిడిల్ చేరుస్తారు. దానివల్ల మతిమరుపు పెరుగుతుంది. పెరిగిన మతిమరుపుకు మొదటి మందు మోతాదు పెంచుతారు. మందుకు మందు, దానికి ఇంకో మందు. ఈ గొలుసును మధ్యలో తెంపగలిగింది మొదటి వణుకును చూసిన మనిషే. కానీ చూసినదాన్ని చెప్పడానికి ఆమెకు ఇప్పుడున్న దారి ఏమిటి? ఓపీలో రద్దీ తగ్గాక డాక్టరు గారి మంచితనం మీద ఆధారపడి ఒక మాట చెవిన వేయడం. ఆమె పరిశీలనకు చీటీ మీద చోటు లేదు. అసలు ఆ చీటీ మీద మందు ఎందుకిచ్చారో కూడా రాయరు. కారణమే లేని చోట కారణం తీరిపోయిందని ఎవరు చెప్పగలరు?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా ఎదురవుతుంది. లేబుల్ దాటేది ఎక్కువగా డాక్టర్లే కదా, నర్సుకు మాత్రమే గిరి గీయడమెందుకు అని. ఒప్పుకుంటాను. డిగ్రీ ఎవరినీ కాపాడలేదు. ఒలాంజపైన్‌ను డిమెన్షియా వృద్ధులకు వాడమని అక్రమంగా ప్రచారం చేసిన కేసులో 2009లో ఎలై లిల్లీ నేరం ఒప్పుకుని మొత్తం 141.5 కోట్ల డాలర్లు కట్టింది. క్వెటియాపిన్ విషయంలో 2010లో ఆస్ట్రాజెనెకా 52 కోట్ల డాలర్లు, వాల్‌ప్రోయేట్ విషయంలో 2012లో అబాట్ 150 కోట్లు, రిస్పెరిడోన్‌తో సహా కొన్ని మందుల విషయంలో 2013లో జాన్సన్ అండ్ జాన్సన్ 220 కోట్లకు పైగా కట్టాయి. ఆ ప్రచారాన్ని నమ్మి చీటీలు రాసినవారిలో అత్యధికులు ఎంతో చదువుకున్న వైద్యులు. మరోవైపు నర్స్ ప్రాక్టీషనర్ హోదా కూడా తనంతట తాను రక్ష కాదు. సెరిబ్రల్ అనే అమెరికా ఆన్‌లైన్ మానసిక వైద్య సంస్థ నర్స్ ప్రాక్టీషనర్లతో వీడియోలో రోగులను చూపించి ఉత్తేజక మందులు రాయించింది; ఆ మందుల అనధికార పంపిణీని ప్రోత్సహించే పద్ధతులు నడిపిందన్న కేసులో 2024 నవంబరులో 36.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. రాయకపోతే ఉద్యోగానికి ముప్పనిపించేలా ఏర్పాటు ఉంటే కలం ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. అందుకే నేను కోరే గిరి నర్సు చుట్టూ గీసేది కాదు. కారణం రాయడం, గడువు రాయడం డాక్టరుకూ తప్పనిసరి కావాలి. ప్రశ్నించే హక్కు మాత్రం ఆ చీటీని మోస్తున్న నర్సుకు ఉండాలి.

రెండో అభ్యంతరం కొరత. దీని బరువును నేను తక్కువ చేయను. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఆ లెక్క 0.75 దగ్గర ఆగింది. డాక్టరే లేని చోట నర్సు ఏదో ఒక మందు మొదలుపెట్టడం మేలు కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. చికిత్స అందని ఆ జనానికి కరువైనది ప్రయోగాత్మకమైన మందు కాదు; కుంగుబాటుకు ఫ్లూఆక్సెటిన్, ఉన్మాదానికి రిస్పెరిడోన్, మూర్ఛకు ఫినోబార్బిటాల్ వంటి నలిగిన, చవకైన, లేబుల్ లోపలి మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన ఎమ్‌హెచ్‌గ్యాప్ మార్గదర్శి ప్రకారం మానసిక వైద్యులు కానివారు కూడా దశలవారీగా చేయగలిగే పని అదే. తగిన శిక్షణతో, డాక్టరు పర్యవేక్షణతో నర్సుకు ఆ మేరకు రాసే అధికారం ఇవ్వమని నేను గట్టిగా సమర్థిస్తాను; 32వ సెక్షన్ ఆ వీలును కల్పించింది కూడా. లేబుల్ బయటికి అడుగు వేయడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. వచ్చిన అధ్యయనాలు చదివి తూచాలి, రోగికి ఉన్న మిగతా జబ్బులు లెక్కించాలి, చెడు జరిగితే పట్టుకునే పరీక్షలు దగ్గరుండాలి. కొరత ఉన్న చోట సరిగ్గా ఇవే కొరత. సాయం తక్కువైన చోట ఎక్కువ సాహసం చేయమనడం ఆ నర్సుకూ న్యాయం కాదు, ఆ రోగికీ కాదు.

ఇంకొందరు దీన్ని పూర్తిగా ఇంకో వైపు నుంచి ఎదిరిస్తారు. నర్సుకు ఏ కొంచెం అధికారమిచ్చినా రేపు అర్హత లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీలు అదే అడుగుతారు, పల్లెలకు రెండో రకం వైద్యం స్థిరపడిపోతుంది అంటారు. తెలుగువాళ్లకు ఈ చర్చ కొత్తది కాదు. డిగ్రీ కన్నా తక్కువదైన ఎల్‌ఎంపీ చదివిన డాక్టర్లు ఒక తరం పాటు మన పల్లెలను నిలబెట్టారు. 1946 భోర్ కమిటీ ఒకే ప్రమాణం గల డాక్టరు కావాలని సిఫారసు చేశాక ఆ చదువు క్రమంగా మూతపడింది. ఫ్రాన్స్ 1803లో డాక్టరు కింద ఆరోగ్యాధికారి అనే రెండో మెట్టు పెట్టి 1892లో రద్దు చేసుకుంది. పుదుచ్చేరి వైద్య పాఠశాల పుట్టింది ఆ కాలంలోనే. ఒకే ప్రమాణం అన్న ఆశయం గొప్పది. కానీ ఆ ఒకే ప్రమాణపు డాక్టరు పల్లెకు వెళ్లకపోతే ఖాళీలోకి వచ్చేది ఏ రిజిస్టరులోనూ పేరు లేని మనిషి. నాలుగేళ్లు చదివి, కౌన్సిల్‌లో నమోదై, తప్పు చేస్తే రిజిస్ట్రేషన్ పోగొట్టుకునే నర్సును అతనితో ఒకే గాట కట్టడం న్యాయం కాదు. పైగా నేను ముందుగా అడుగుతున్నది ఆపించే అధికారం. ఏ ఆర్‌ఎంపీ కూడా మందు తగ్గించే హక్కు కోసం ఉద్యమం చేయడు.

ఆపడంలోనూ ప్రమాదముందన్న మాట నిజం. ఆల్ప్రజోలం అలవాటైనవారికి ఒక్కసారి ఆపితే మూర్ఛలు రావచ్చు. లిథియం హఠాత్తుగా మానితే ఉన్మాదం తిరగబెట్టవచ్చు. అందుకే ప్రశ్న నర్సుది, నిర్ణయం డాక్టరుది, తగ్గించే మెట్లు ఇద్దరూ కలిసి రాసుకునేవి కావాలి. కానీ ఆపకపోవడానికి ఉన్న ధర కూడా ఒకసారి చూడండి. గర్భంలో వాల్‌ప్రోయేట్ తగిలిన బిడ్డల్లో పదిమందిలో ఒకరికి పుట్టుకతో అవయవ లోపాలు, నూటికి 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చని తేలాకే బ్రిటన్ 2018లో గర్భనిరోధక ఏర్పాటు లేకుండా పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు దాన్ని ఇవ్వకూడదని కట్టడి చేసింది. పెళ్లికి ముందు కోపం తగ్గడానికని మొదలైన ఆ మాత్ర, పెళ్లయ్యాక కూడా పాత చీటీ మీదే షాపులో దొరుకుతూ ఉంటే, ఆ అమ్మాయి గర్భం సంగతి డాక్టరు కన్నా ముందు తెలిసేది ఉపకేంద్రంలోని నర్సుకే. అక్కడ ఆమె నోరు మెదపలేకపోతే అది ఆమె పిరికితనం అనలేం. ఆసుపత్రి మర్యాద ఆమెకు నేర్పిన మౌనం అది. సిస్టర్ అని పిలుస్తాం, సిస్టర్ మాటను కేసు షీటులో చేర్చం. చట్టంలో రాసిపెట్టిన హక్కే ఆ మౌనానికి విరుగుడు. చెడు ప్రభావాలను నేరుగా నివేదించే వీలు 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నర్సులకు ఇప్పటికే ఇచ్చింది. గోరిమేడులో జిప్మర్ వంటి సంస్థల్లో అందుకు కేంద్రాలున్నాయి. హాని జరిగాక రాసే హక్కు ఉన్నప్పుడు, జరగకముందు అడిగే హక్కు లేకపోవడానికి తర్కం కనిపించదు. రోగికి చికిత్స పథకం, దాని చెడు ప్రభావాలు చెప్పాలని 2017 చట్టం 22వ సెక్షన్ కోరుతుంది. మందు ఆ జబ్బుకు పరీక్షించినది కాదన్న సంగతి అందులో మొదటి మాటగా రావాలి.

చివరగా ఈ ఊరి సంగతి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో నాలుగు ముక్కలున్నాయి, మూడు భాషా వాతావరణాలున్నాయి. 2011 లెక్కల్లో 55,626 మంది ఉన్న యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి ఒడ్డున ఉంది. పెద్ద వైద్యం కోసం ఒకరు కాకినాడ వెళ్తారు, ఒకరు ఇక్కడికి వస్తారు. ఇంగ్లీషు చీటీ పట్టుకుని తెలుగు ఇంటికి తిరిగి వెళ్తారు. ఆ చీటీ మీద మందు పేరు, రోజుకెన్ని అన్నది మాత్రమే ఉంటుంది. అక్కడి నర్సుకు అది ఎందుకో తెలియదు కాబట్టి ఎప్పుడు చాలో తెలియదు. పెద్ద రాష్ట్రాలకు కష్టమైన మార్పు ఇంత చిన్న ప్రాంతానికి సాధ్యం. ఆరోగ్య శాఖకు నా విన్నపం ఇది: ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య చీటీ మీద మూడు గళ్లు చేర్చండి. ఈ మందు దేనికి, అది లేబుల్ లోపలిదా బయటిదా అన్నది ఒకటి. ఏ తేదీన మళ్లీ చూడాలన్నది రెండోది. నర్సు గమనించినది, ఆమె సంతకం మూడోది. ఆ తేదీ దాటాక మూడో గడి ఖాళీగా ఉంటే మందు మళ్లీ ఇచ్చే ముందు డాక్టరుకు ఫోను చేయాలన్న ఉత్తర్వు ఇవ్వండి. 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద వచ్చే నియమాల్లో ప్రశ్నించే హక్కును చేర్చమని ఇక్కడి నర్సుల సంఘాలు, మానసిక వైద్యులు కలిసి కోరాలి. యానాం చీటీల మీద ఆ మొదటి గడిని తెలుగులో నింపండి.